రెండూ సరస్సు ఒడ్డు ఊళ్లే, మంచు మాత్రం ఒకటి కాదు

ప్రశ్న: మా అమ్మాయికి అమెరికాలో రెండు చోట్ల ఉద్యోగం వచ్చింది. ఒకటి బఫెలో, ఒకటి చికాగో. రెండూ పెద్ద సరస్సుల ఒడ్డునే ఉన్నాయట. బఫెలోలో మంచు ఎక్కువ, ఎండ తక్కువ అంటున్నారు. నిజమేనా? ఇల్లు చూసుకునేటప్పుడు ఏం గమనించాలి?
– ఒక పాఠకురాలు, నరసన్నపేట

జవాబు: నిజమేనమ్మా. ఊరు ఏ ఒడ్డున ఉందన్నదే అసలు లెక్క. అక్కడ చలిగాలి ఎక్కువగా పడమర, వాయవ్యాల నుంచి వీస్తుంది. చికాగో మిషిగన్ సరస్సుకు నైరుతి ఒడ్డున ఉంది కాబట్టి ఆ గాలి నేల మీంచి పొడిగానే వస్తుంది. బఫెలో ఈరీ సరస్సుకు తూర్పు కొసన ఉంది. పడమటి గాలి సుమారు 390 కిలోమీటర్ల పొడవున్న నీటి మీదుగా వచ్చి అక్కడ ఒడ్డెక్కుతుంది. మన దగ్గర ఈశాన్య రుతుపవనాల గాలి బంగాళాఖాతం దాటి నెల్లూరు తీరంలో కుమ్మేస్తుందే, తుపాను లేకపోతే శ్రీకాకుళానికి అంత వాన రాదే, అదే తీరు.

సరస్సు నీటికంటే కిలోమీటరున్నర ఎత్తులోని గాలి కనీసం 13 డిగ్రీలు చల్లగా ఉంటే ఆవిరి జోరుగా పైకి లేచి మబ్బు కట్టి, మంచై కురుస్తుంది. అందుకే నీరు ఇంకా వెచ్చగా ఉండే నవంబరు, డిసెంబరుల్లో ఉధృతి ఎక్కువ. ఈరీ సగటు లోతు 19 మీటర్లే. చాలా ఏళ్లు ఫిబ్రవరికల్లా గడ్డకడుతుంది, గిన్నె మీద మూత పెట్టినట్టు ఆవిరి ఆగుతుంది. ఒంటారియో సరస్సు సగటున 86 మీటర్ల లోతు, పూర్తిగా గడ్డకట్టడం అరుదు. దానికి ఆగ్నేయాన ఉన్న సిరక్యూస్ నగరంలో ఏడాదికి సుమారు 325 సెంటీమీటర్ల మంచు పడుతుంది. బఫెలోలో 240, చికాగోలో వందకు కాస్త తక్కువ.

ఎండను ఆపేదీ ఆ మబ్బే. డిసెంబరు నెల మొత్తానికి బఫెలోలో ఎండ సుమారు 70 గంటలు, అంటే రోజుకు రెండుంపావు. చికాగోలో 105 దాకా. జులైలో మాత్రం రెండు చోట్లా 300 గంటలు దాటుతుంది. వేసవిలో సరస్సు చల్లగా ఉండి ఒడ్డున మబ్బు లేవనివ్వదు మరి.

మంచు తక్కువని చికాగోలో చలి తక్కువనుకోకండి. 2019 జనవరి 30న అక్కడ మైనస్ 30 డిగ్రీలు దాటింది.

బఫెలోకే వెళ్తే ఏ శివారో చూసుకోమనండి. మంచు కురిసే మేర సన్నని పట్టీలా ఉంటుంది. 2022 నవంబరులో ఊరికి దక్షిణాన ఆర్చర్డ్ పార్క్‌లో సుమారు 2 మీటర్లు పడితే, ఉత్తరపు శివార్లలో చాలా తక్కువ. సగటు అంకెలు సాధారణంగా విమానాశ్రయంలో కొలిచినవి, ఇంటి వీధికి అవే వర్తించవు. ఆ మంచు దూదిలా తేలిక, 20 సెంటీమీటర్లు కరిగితే ఒక సెంటీమీటరు నీరే కావచ్చు. కానీ గాలికి ఎగిరొచ్చి తలుపుకు అడ్డంగా పేరుకుంటుంది. అద్దె మాట్లాడేటప్పుడు వాకిట్లో, కారు దారిలో మంచు ఎవరు తీయాలో ఒప్పందంలో రాయించుకోమనండి.