యువ రచయిత్రికి లేఖ: ఆ కార్డు గురించి రాయమ్మా

అమ్మా,

'ది యునైటెడ్ స్టేట్స్ వర్సెస్ బిల్లీ హాలిడే' (2021) సినిమా మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. అమెరికా జాజ్ గాయని బిల్లీ హాలిడేగా నటించిన ఆండ్రా డేనే పాటలు కూడా పాడిందని గమనించి రాసిన పేరా చాలా బాగుంది. కానీ సగం వ్యాసం జిమ్మీ ఫ్లెచర్‌తో బిల్లీ ప్రేమకే ఇచ్చేశావు. ఫ్లెచర్ నిజంగా ఉన్నవాడే. ప్రభుత్వం బిల్లీ మీద నిఘాకు పంపిన నల్లజాతి ఏజెంటు. ఆ ప్రేమకు మాత్రం ఆధారాల్లేవు. సినిమావాళ్ళు కల్పించుకున్నదాన్ని నువ్వు జరిగిన సంగతిలా రాసేశావు.

చిన్న వయసులో నేనూ ఒక బుర్రకథ కళాకారుడి జీవితం రాస్తూ, చప్పగా ఉందనిపించి ఓ ప్రేమకథ కలిపాను. అచ్చయ్యాక ఆయన భార్యకు చదివి వినిపించాను. అంతా విని ఆవిడ, "ఈ పిల్ల ఎవరు బాబూ?" అంది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

అసలు జరిగిందే గుండెను పిండేస్తుంది కదమ్మా. 1939లో న్యూయార్క్ కెఫే సొసైటీ అనే నైట్‌క్లబ్బులో బిల్లీ 'స్ట్రేంజ్ ఫ్రూట్' ఎత్తుకునే ముందు సర్వర్లు వడ్డన ఆపేసేవాళ్ళు. లైట్లన్నీ ఆర్పేసి, ఆమె ముఖం మీద ఒక్కటే ఉంచేవాళ్ళు. మూకలు చంపి చెట్లకు వేలాడదీసిన నల్లవాళ్ళ గురించిన పాట అది. చివర ఆ ఒక్క లైటూ ఆరిపోయేది. మళ్ళీ వెలిగేసరికి ఆమె వేదిక మీద ఉండేది కాదు.

1947లో మత్తుమందుల కేసు పెట్టారు. ఏడాది మీద ఒక రోజు శిక్ష. ఆ అలవాటు ఆమెకు నిజంగానే ఉంది, దాచకు. కానీ తర్వాత ఏం చేశారో చూడు. ఆ రోజుల్లో న్యూయార్క్‌లో మద్యం అమ్మే క్లబ్బుల్లో పాడాలంటే పోలీసులిచ్చే కార్డు ఉండాల్సి వచ్చేది, అదీ వేలిముద్రలు వేస్తేనే. శిక్ష పడ్డ ఆమెకు ఆ కార్డు లేకుండా పోయింది. 1948 మార్చిలో విడుదలైన రెండు వారాల్లోపే, ఆ కార్డు అక్కర్లేని కార్నెగీ హాల్ అనే కచేరీ మందిరంలో పాడితే టిక్కెట్లన్నీ అమ్ముడుపోయాయి. అక్కణ్ణుంచి నడిచి వెళ్ళేంత దూరంలోనే 52వ వీధి క్లబ్బులు. అన్నేళ్ళు పాడిన చోటు. అక్కడ మాత్రం ఇక నోరు విప్పడానికి వీల్లేదు. గాయనికి ఇంతకన్నా శిక్ష ఏముంటుంది? నువ్వు దీనికి ఒక్క వాక్యం ఇచ్చి వదిలేశావు.

1959లో ఆసుపత్రిలో ప్రాణం మీదికి వచ్చి పడుంటే, మంచం మీదే అరెస్టు చేసి గది బయట పోలీసుల్ని కాపలా పెట్టారు. 44 ఏళ్ళకే పోయింది. ఆ గది గురించి రాసేటప్పుడు ఒక్క విశేషణం కూడా వాడకు.

మళ్ళీ రాయడానికి కూర్చునే ముందు ఆ 1939 రికార్డు విను. ఆమె గొంతు వినపడేలోపు నిమిషం పైగా వాయిద్యాలే ఉంటాయి. ముందుకు జరపకుండా ఆగి విను. ఈసారి ఆ కార్డు దగ్గర మొదలుపెట్టి పంపమ్మా, చూస్తాను.

ఆశీస్సులతో,
మాస్టారు