యాప్ తీసేసినంత మాత్రాన ట్రయల్ ఆగదండీ

క్రెడిట్ స్కోర్ కోసం 7 రోజుల ఉచిత ట్రయల్ తీసుకుని ఐదో రోజే యాప్ తీసేశాను, అయినా కార్డు నుంచి డబ్బు కట్ అయిందని రాశారు కదా, యాప్ తీసేస్తే సబ్‌స్క్రిప్షన్ రద్దయినట్టు కాదండీ. కార్డు నంబర్ అడిగే పేజీలో, ట్రయల్ మొదలుపెట్టే పెద్ద బటన్ కింద బూడిద రంగు చిన్న అక్షరాల్లో, రద్దు చేయకపోతే దానంతటదే రెన్యూ అవుతుందని రాసి ఉంటుంది, అసలు సంగతంతా అక్కడే. రోజుల లెక్క కూడా మామూలుగా మీరు స్కోర్ చూసిన రోజు నుంచి కాదు, సైన్ అప్ చేసినప్పటి నుంచే.

టెన్షన్ పడకండి. ఇవాళే ఆ స్కోర్ సర్వీస్‌లోని మీ అకౌంట్‌లోకి వెళ్ళి రద్దు చేయండి, యాప్ స్టోర్ ద్వారా కట్టి ఉంటే అక్కడి సబ్‌స్క్రిప్షన్లలోనే చేయాలి. రద్దయినట్టు వచ్చే మెయిల్ దాచుకుని, రీఫండ్ రాతపూర్వకంగా అడగండి. ఆ తర్వాత కూడా మళ్ళీ కట్ అయితే బ్యాంకులో డిస్ప్యూట్ (ఆ కోత మీద అభ్యంతరం) వేయండి, అప్పుడు ఆ మెయిలే మీకు ఆధారం.