ఆర్‌వీలో నీళ్లు దిగితే ఇన్సూరెన్స్ వస్తుందా?

చిరంజీవి సౌమ్యకు మావయ్య ఆశీస్సులు.

నీ ఆర్‌వీ (లోపలే మంచం, వంటిల్లు ఉండే ప్రయాణపు బండి) ఫోటోలు చూశాను. మంచం పక్కన గోడ ఉబ్బడం, కింది మూలన గోధుమరంగు మరక, నొక్కితే మెత్తగా ఉందని నువ్వు రాసిన మాట... ఇవన్నీ కలిపి చూస్తే నీళ్లు నిన్నమొన్న వచ్చినవి కావనిపిస్తోంది. "క్లెయిమ్ పెడితే డబ్బులొస్తాయా మావయ్యా" అన్నావు. ఉన్నమాట చెబుతాను, టెన్షన్ పడకు.

ఇన్సూరెన్స్ వాళ్లు ఎంత పాడైందని ముందు చూడరు. నీళ్లు ఎలా వచ్చాయి, ఎప్పట్నుంచి వస్తున్నాయి అని చూస్తారు. కాంప్రహెన్సివ్ కవరేజ్ (గుద్దుకోవడం కాక గాలివాన, వడగళ్ల లాంటివాటి నష్టానికి ఇచ్చేది) ఉండి, గాలివానకు కొమ్మ విరిగిపడి పైకప్పు చిల్లుపడినా, వడగళ్లకు స్కైలైట్ (పైకప్పు కిటికీ) పగిలినా, ఆ దారిన దిగిన నీళ్ల నష్టానికి డిడక్టిబుల్ (మన జేబులోంచి పెట్టుకోవాల్సిన వాటా) పోను మిగతాది మామూలుగా ఇస్తారు. తక్కువ ఎత్తు కొమ్మను నువ్వే గుద్దుకుంటే అది కొలిజన్ (గుద్దుకున్న నష్టాల కవరేజ్) కిందికి వస్తుంది. ఎండకు, కుదుపులకు అతుకుల్లో పూసిన సీలెంట్ పగుళ్లిచ్చి నెలల తరబడి నీళ్లు ఊరితే మాత్రం అది అరుగుదల, మెయింటెనెన్స్ లోపం అంటారు. కుళ్లిన చెక్క, బూజు కూడా చాలా పాలసీల్లో మినహాయింపుల జాబితాలోనే ఉంటాయి. చలికి పైపులు గడ్డకట్టి పగలడం పాలసీని బట్టి మారుతుంది, ఆ పేజీ విడిగా చదువు.

అసలు చిక్కేమిటంటే ఆర్‌వీల్లో లీకులు ఎక్కువగా ఇలా నెలల తరబడి ఊరే రకమే. అందుకే చాలామంది క్లెయిములు తిరిగొస్తాయి.

సర్వేయర్ వచ్చాక ఏం చూస్తాడో ముందు నువ్వే చూడు. మరక అంచుల దగ్గర ఒకదాని చుట్టూ ఒకటి వలయాలు ఉన్నాయేమో గమనించు. తడిసి, ఆరి, మళ్లీ తడిసినప్పుడల్లా ఒక గీత మిగిలిపోతుంది. నీ రెండో ఫోటోలో నాకు మూడు కనిపించాయి. ప్యానెల్ వదులుగా ఉంటే పక్కకి జరిపి స్క్రూలు చూడు. తుప్పు కారి చెక్కలోకి ఇంకి ఉంటే అది ఒక్క తుఫాను పని కాదని వాళ్లకు వెంటనే తెలిసిపోతుంది. ఇంకో సంగతి, మరక ఉన్నచోటే పైన చిల్లు ఉంటుందనుకోకు. నీళ్లు ఫ్రేమ్ వెంట పాకి ఎక్కడో దిగుతాయి. వెంట్ల చుట్టూ, ఏసీ కింద, కిటికీ చట్రాల దగ్గర, స్లైడ్-అవుట్ (బయటికి జరిపే గది భాగం) మూలల్లో వెతకాలి.

మొన్నటి గాలివానలో పైన ఏదైనా దెబ్బ తగిలిన గుర్తు దొరికితే మాత్రం కథ మారుతుంది. తేదీతో సహా ఫోటోలు తీసి వెంటనే ఫోన్ చెయ్యి. గుర్తు ఏదీ లేకపోతే తుఫానే కారణమని అల్లి చెప్పకు. స్నేహితులు అలాంటి సలహాలు ఉదారంగా ఇస్తారు, పాలసీ రద్దయితే మాత్రం ఒక్కరూ కనబడరు.

కారణం తేలకముందే చేయాల్సిన పని ఒకటుంది. పైకప్పు మీద టార్ప్ (నీళ్లు దిగని పట్టా) కప్పి, లోపల ఫ్యాన్లు, గాలిలో తేమ లాగే డీహ్యుమిడిఫయర్ పెట్టి ఆరబెట్టు. నష్టం ఇంకా పెరగకుండా చూసుకోవడం పాలసీదారు బాధ్యతని చాలా పాలసీల్లో రాసే ఉంటుంది. కానీ సర్వేయర్ చూసేదాకా గోడ మొత్తం ఊడదీసి కొత్తది వేయించకు. తీసిన ముక్కలు, రసీదులు పారేయకు.

కాదన్నారనుకో, ఏ క్లాజు ప్రకారం కాదంటున్నారో రాతపూర్వకంగా అడుగు. ఫోన్‌లో చెప్పింది చాలదు. వాళ్లు చెప్పిన కారణం తప్పనిపిస్తే స్వతంత్ర ఇన్‌స్పెక్టర్ రిపోర్టుతో మళ్లీ పరిశీలించమని కోరవచ్చు. బండి కొత్తదైతే తయారీదారు వారంటీ వైపు కూడా చూడు, ఫ్యాక్టరీలో సీలింగ్ సరిగా వేయకపోతే ఆ బాధ్యత వాళ్లది. డీలర్లు అమ్మే ఎక్స్‌టెండెడ్ వారంటీ మీద ఎక్కువ ఆశ పెట్టుకోకు, అవి చాలావరకు ఇంజిన్, ఫ్రిజ్ లాంటివాటికే.

కొన్ని కంపెనీలు పైకప్పు అరుగుదలకు విడిగా అదనపు కవరేజ్ అమ్ముతాయి. ఉన్న నష్టానికి అది పనికిరాదు, రెన్యూవల్‌లో మాత్రం అడిగి చూడు.

ఇకమీదట మూడు నెలలకోసారి పైకెక్కి ప్రతి అతుకూ చూసి, ఫోటోలు దాచుకో. రేపు ఎప్పుడైనా గొడవొస్తే బండిని బాగానే చూసుకున్నానని చెప్పడానికి అవే సాక్ష్యం. దొరికింది కదా అని సిలికాన్ పూసేయకు. దాని మీద తర్వాత వేసే సీలెంట్ అంటుకోదు. మీ పైకప్పు రబ్బరా, ఫైబర్‌గ్లాసా కనుక్కుని దానికి సరిపడేదే కొను. పెట్రోలియం క్లీనర్లు రబ్బరు పైకప్పును ఉబ్బిస్తాయి, వాటి జోలికి పోకు.

ఏసీ చుట్టూ, వెనక అంచు వెంట దగ్గర నుంచి తీసిన ఫోటోలు పంపు, పాలసీ కాపీ కూడా. నిచ్చెన ఎక్కేటప్పుడు అల్లుడిని కింద పట్టుకోమను.

మీ మావయ్య