క్లబ్బు చదరంగం పోటీకి ఎనిమిది వారాల ముందు మేనల్లుడికి రాసిన లేఖ

పర్లాకిమిడి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. అక్కడ రాయగడలో అమ్మా నీవూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

నీవు పంపిన 12 చదరంగం ఆటల స్కోరు షీట్లు, అంటే ఎత్తులు రాసుకున్న కాగితాలు, అందాయి. క్లబ్బు ఛాంపియన్‌షిప్పుకు ఇంకా ఎనిమిది వారాల గడువు ఉందని, ఏడు రౌండ్లు స్విస్ పద్ధతిలో (ఓడినవాళ్లు తప్పుకోకుండా, సమాన పాయింట్లున్నవాళ్లను జతపరిచే పద్ధతిలో) రెండు వారాంతాల్లో జరుగుతాయని, ఈలోగా కొత్తగా నాలుగు ఓపెనింగులు, అంటే ఆట ఆరంభించే ఎత్తుల వరుసలు, నేర్చుకుందామనుకుంటున్నానని రాశావు. నీ పట్టుదలకు సంతోషించాను గాని, ఆ నాలుగు ఓపెనింగుల ఆలోచన మాత్రం మానుకోమని ముందుగానే చెబుతున్నాను. కారణం నీ షీట్లలోనే ఉంది.

ఈ 12 ఆటల్లో నీవు నాలుగు గెలిచావు, ఒకటి డ్రా చేశావు, ఏడు ఓడిపోయావు. ఓడిన ఏడింటిలో ఓపెనింగు వల్ల పోయినది ఒక్కటే. రెండు ఆటలు పావులు కొన్నే మిగిలే ఆఖరి దశ అయిన ఎండ్‌గేమ్‌లో చేజారాయి. తక్కిన నాలుగూ 30వ ఎత్తు దాటాక, గడియారంలో సమయం అడుగంటినప్పుడు పోయాయి. వాటిలో ఒక షీటును కళ్లద్దాలు పెట్టుకొని చాలాసేపు చూశాను. 28వ ఎత్తు వరకు నీ అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. 30వ ఎత్తు దగ్గర రాత వంకర తిరిగింది. 33వ ఎత్తును నల్లపావుల వరుసలో రాసి కొట్టివేశావు. 34వ ఎత్తులో ఏనుగును ఊరికే ఇచ్చేశావు. చేతిరాత చెదిరిన చోటే ఆట కూడా చెదిరింది. కాబట్టి నీ సాధనకు పాఠ్యపుస్తకం బయట ఎక్కడో లేదు, ఈ ఓడిపోయిన ఏడు ఆటలే నీ పాఠ్యపుస్తకం.

మొదటి రెండు వారాలు వీటికే కేటాయించు. ఒక మంచి నోటుపుస్తకం కొని, ఒక్కొక్క ఆటకు రెండేసి పేజీలు వదులు. చెక్కబల్ల మీద పావులు పేర్చి, ఆటను మొదటినుంచి నెమ్మదిగా ఆడుతూ, ఏ ఎత్తు దగ్గర నీవు ఏమనుకున్నావో, ఎదుటివాడి ఏ ఎత్తును చూడలేకపోయావో, అప్పుడు గడియారంలో ఎంత మిగిలిందో నీ మాటల్లో రాయి. ఆ తరువాతనే కంప్యూటరు తెరువు. లీచెస్ అనే వెబ్‌సైటులో ఉచితంగానే స్టాక్‌ఫిష్ అనే చదరంగం ఇంజను చేత పరిశీలింపజేయవచ్చు గాని, ముందే దానిని తెరిస్తే అది చెప్పిన ఎత్తు చూసి "అవును కదా" అనుకొని ముందుకు వెళ్లిపోతావు, నీ ఆలోచన ఎక్కడ తప్పిందో ఎప్పటికీ తెలియదు. 1948లో ప్రపంచ విజేత అయిన మిఖాయిల్ బోత్విన్నిక్ తన ఆటలను తానే నిష్ఠురంగా పరిశీలించుకోవడాన్ని సాధనకు పునాదిగా భావించాడు. ఆయన పోటీల్లో ఆడిన కాలంలో సాధనకు పనికొచ్చే కంప్యూటరు ఇంజన్లు లేవు, నోటుపుస్తకమే ఉంది.

ఇక రోజువారీ క్రమం. నీది షిఫ్టుల ఉద్యోగం కనుక, రోజుకు రెండు గంటలని అన్ని రోజులకూ ఒకే నియమం పెట్టుకుంటే మూడో వారానికే అది చెడిపోతుంది. ఉదయం డ్యూటీ ఉన్న వారంలో మధ్యాహ్నం రెండింటికి ఇంటికి వచ్చి, భోంచేసి, ఒక కునుకు తీసి, సాయంత్రం ఐదు నుంచి ఆరున్నర వరకు కూర్చో. రెండో డ్యూటీ వారంలో పొద్దున్న ఏడు నుంచి ఎనిమిదిన్నర వరకు, ఇంట్లో ఎవరూ పిలవకముందే ముగించు. నైట్ డ్యూటీ వారంలో మాత్రం చదువు వద్దు. సాయంత్రం లేచాక పది పజిల్స్ చేసి ఊరుకో, మిగిలిన సమయం నిద్రకే ఇయ్యి. నిద్ర చాలనివాడు ఎంత లోతుగా లెక్కించినా ఒక ఎత్తును వదిలేస్తాడు. నైట్ డ్యూటీ వారం పోటీ వారంతో కలిసి వస్తే ఇప్పుడే తోటివాళ్లతో మాట్లాడి షిఫ్టు మార్పించుకో, చివరి రోజున అడిగితే ఎవరూ ఒప్పుకోరు.

ఆ గంటన్నరలో మొదటి అరగంట పజిల్స్. తేలికైనవి వేగంగా వంద చేయడం కాదు, కష్టమైనవి ఆరో ఏడో, పావులు ముట్టుకోకుండా చివరి ఎత్తు వరకు మనసులో చూసి, సమాధానం రాసి, ఆ తరువాత సరిచూసుకోవాలి. నలభై నిమిషాలు ఎండ్‌గేమ్. మిగిలిన ఇరవై నిమిషాలు నోటుపుస్తకానికి. ఫోనులో మూడు నిమిషాల ఆటలు ఈ ఎనిమిది వారాలూ పూర్తిగా మాను. అవి సరదాగా ఉంటాయి గాని, చూడకుండా చేయి వేసే అలవాటును పెంచుతాయి, నీకు ఉన్న రోగమే అది.

వారానికి ఒకసారి, సెలవు రోజున, అసలైన సమయంతో ఒక పెద్ద ఆట ఆడు. మీ పోటీలో ఒక్కొక్కరికి గంట, ప్రతి ఎత్తుకు 30 సెకన్ల చొప్పున అదనం అని రాశావు. అంటే 60 ఎత్తుల ఆటలో నీకు మొత్తం గంటన్నర, ఇద్దరికీ కలిపి మూడు గంటలు. మూడు గంటలు కదలకుండా కూర్చోవడం కూడా సాధన చేయవలసిన విషయమే. నేను నీకు ఒక గీటురాయి చెబుతాను. 20వ ఎత్తు వేసేటప్పటికి గడియారంలో 35 నిమిషాలకు తక్కువ ఉండకూడదు. అంటే మొదటి 20 ఎత్తులకు సగటున నిమిషం ముప్పావు మాత్రమే ఖర్చు. నీ షీట్ల అంచున నీవే రాసిన సమయాలు చూస్తే, 20వ ఎత్తుకు 18, 15, ఒకచోట 11 నిమిషాలే మిగిలాయి. ఓపెనింగులో నీకు బాగా తెలిసిన ఎత్తులకు కూడా మూడేసి నిమిషాలు ఆలోచించావు. ఇంకొక మాట, ప్రతి ఎత్తుకు 30 సెకన్లు కలిసే ఆటలో చివరి నిమిషంలోనూ ఎత్తులు రాయడం తప్పదు, అది నియమం. కనుక రాయడాన్ని భారంగా అనుకోక, ఊపిరి పీల్చుకునే విరామంగా చేసుకో. ఎత్తు వేసి, గడియారం నొక్కి, నిదానంగా రాయి. డ్రా అడిగే సందర్భంలో తప్ప, ముందు రాసి తరువాత వేయడం నియమవిరుద్ధమని నీకు తెలుసు. ఎత్తు వేయబోయే ముందు రెండు చేతులూ ఒడిలో పెట్టుకొని, ఎదుటివాడికి ఏ చెక్ ఉంది, ఏ పావును కొట్టగలడు, దేనిని బెదిరిస్తున్నాడు అని మూడు ప్రశ్నలు వేసుకో. తాకిన పావును కదపవలసిందే కాబట్టి చేతులు ఒడిలో ఉండడమే క్షేమం.

ఎండ్‌గేమ్ గురించి కాస్త విస్తరించి రాస్తాను, ఎందుకంటే దీనివల్ల నేను పడిన బాధ నీవు పడకూడదని నా కోరిక. నా ముప్పై రెండో ఏట బరంపురంలో ఒక పోటీ చివరి రౌండులో, ఏనుగుల ఎండ్‌గేమ్‌లో నాకు ఒక బంటు ఎక్కువ ఉంది. నా బంటు ఏడో వరుసకు చేరింది, దాని ముందు నా రాజు ఉన్నాడు. రాజును బయటికి తెచ్చినప్పుడల్లా ఎదుటివాడు ఏనుగుతో వెనకనుంచి చెక్ ఇచ్చాడు, నేను మళ్లీ లోపలికి దూరాను. అదే స్థితి మూడుసార్లు వచ్చి ఆట డ్రా అయింది. గెలుపు నా చేతిలోనే ఉన్నదని ఇంటికి వచ్చాక పుస్తకంలో చూసి తెలుసుకున్నాను. దానినే లుసెనా స్థితి అంటారు. నీవు ఇప్పుడే బల్ల మీద పేర్చు (గడి పేరులో అక్షరం నిలువు వరుస, అంకె అడ్డ వరుస). తెల్లరాజు జి8లో, తెల్లబంటు జి7లో, తెల్ల ఏనుగు ఎఫ్1లో, నల్లరాజు ఈ7లో, నల్ల ఏనుగు హెచ్2లో ఉన్నాయనుకో, ఎత్తు తెల్లది. ముందు ఏనుగును ఈ1కి తెచ్చి చెక్ ఇయ్యి, నల్లరాజు డి7కి జరుగుతాడు. ఇప్పుడు తొందరపడి రాజును బయటికి తేవద్దు. ఏనుగును ఈ4కు, అంటే నాలుగో వరుసకు తెచ్చి నిలుపు. ఈ ఒక్క ఎత్తు నాకు ఆ రోజు తెలియలేదు. నల్ల ఏనుగు హెచ్1కి వెళ్లి కాచుకుంటుంది. అప్పుడు నీ రాజు ఎఫ్7, జి6, ఎఫ్6, జి5 మీదుగా చెక్కులను తప్పించుకుంటూ దిగివస్తాడు. చివరి చెక్‌కు ఏనుగును జి4లో అడ్డం వేస్తే చెక్కులు ఆగిపోతాయి, బంటు మంత్రి అవుతుంది. దీనిని రెండు రంగులతోనూ, నిద్రలో లేపినా ఆడగలిగేంతవరకు ఆడు. దీనికి జతగా, బలహీనపక్షం తన వైపు నుంచి మూడో అడ్డ వరుసను ఏనుగుతో కాపలా కాసి డ్రా చేసుకునే ఫిలిడోర్ పద్ధతిని నేర్చుకో. వీటికి ముందు రాజూ ఒక బంటూ ఉన్న స్థితుల్లో రాజులు ఎదురెదురుగా నిలిచే సూత్రం నీకు కంఠతా రావాలి.

ఇవి చిన్న విషయాలని అనుకోవద్దు. 2024 డిసెంబరులో సింగపూరులో గుకేశ్ ప్రపంచ విజేత అయినది రాజూ బంట్ల ఎండ్‌గేమ్‌లోనే. 14వ ఆట డ్రాగా ముగుస్తుందని అందరూ అనుకుంటుండగా, అప్పటి ప్రపంచ విజేత డింగ్ లిరెన్ 55వ ఎత్తులో పొరపాటున ఏనుగును ఎఫ్2లో పెట్టాడు. ఏనుగులు మారాయి, ఆ వెంటనే గుకేశ్ శకటును కూడా మార్పిడికి పెట్టాడు, మిగిలిన బంట్లలో గుకేశ్‌కు ఒకటి ఎక్కువ. ఏ పావును ఎప్పుడు మార్చుకుంటే ఏ ఎండ్‌గేమ్ వస్తుందో తెలిసినవాడికే ఆ గెలుపు కనబడుతుంది.

ఓపెనింగుల మాట క్లుప్తంగా చెబుతాను. తెల్లపావులతో నీవు ఆడే ఇటాలియన్, నల్లపావులతో కారోకాన్ చాలు. ఓడిన ఆ ఒక్క ఆటలో తప్పు ఎక్కడ జరిగిందో చూసుకొని, ఒక్కొక్క దానికి ఒక పేజీ రాసుకో.

క్లబ్బు పోటీకి ఇతర పోటీలకు లేని ఒక సౌలభ్యం ఉంది, ఎదుటివాళ్లు నీకు ఏళ్లుగా తెలిసినవాళ్లే. ఒడియాలో ఘోడా అన్నా తెలుగులో గుర్రం అన్నా దాని నడక ఒక్కటే గాని, దానిని నడిపే మనుషుల స్వభావాలు వేరు. నీ షీట్లను బట్టి చూస్తే, రైల్వేలో రిటైరైన ఆ పెద్దాయన మంత్రులు మార్చుకోవాలని మొదటినుంచీ తొందరపడతాడు, నీవు ప్రతిసారీ ఒప్పుకొని ఆయనకు ఇష్టమైన ఎండ్‌గేమ్‌లోకి నడుస్తున్నావు. ఈసారి మంత్రిని ఉంచి ఆడు. రెండుసార్లు నిన్ను ఓడించిన కాలేజీ కుర్రవాడు దాడిలో దిట్ట గాని, 25వ ఎత్తు తరువాత ఓపిక పోగొట్టుకుంటాడు. అతనితో ఆట పొడిగించు. అందరి గురించీ ఇలా నాలుగు వాక్యాలు రాసి పెట్టుకో. మధ్యలో ఒక ఆదివారం రైలెక్కి పార్వతీపురమో విజయనగరమో వెళ్లి, తెలియని వాళ్లతోనూ ఆడిరా.

చివరి వారంలో కొత్తది ఏదీ ముట్టుకోవద్దు. ఆట రోజున రెండు రౌండ్ల నడుమ నిండుగా పఖాళ (చద్దన్నం) తిని కూర్చుంటే మూడో గంటలో కళ్లు వాలిపోతాయి. నాలుగు ఇడ్లీలో, కాస్త పెరుగన్నమో, అరటిపండో చాలు. ఓడినా గెలిచినా రౌండు అయిన వెంటనే హాలు వదిలి, నాగావళి ఒడ్డుకు వెళ్లి కాసేపు నడిచి రా, రాత్రి దాకా ఆ ఆటను తిరిగి తెరవవద్దు. మూడోసారి అదే స్థితి వస్తుందని డ్రా అడగదలిస్తే, ఎత్తును వేయకుండా షీటు మీద రాసి, ఆర్బిటరును, అంటే పోటీ నిర్ణేతను, పిలిచి చెప్పాలి. ఎత్తు వేసేశాక అడిగితే ఆ హక్కు పోతుంది.

రెండు వారాల తరువాత నోటుపుస్తకంలోని పేజీలను ఫోటోలు తీసి పంపు. కంప్యూటరు చెప్పినవి ఎర్రసిరాతో, నీవు స్వయంగా రాసినవి నీలంసిరాతో ఉండాలి. నీలంలో ఉన్నవే నేను ముందు చదువుతాను. నాలుగో వారం శనివారం బస్సులో బయలుదేరి వస్తాను, గడియారం పెట్టుకొని రెండు పెద్ద ఆటలు ఆడదాం. అమ్మకు నా ఆశీస్సులు చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య