గుంటల లెక్క

బిడ్డా,

దేవరకొండలో మీసేవ సెంటర్‌లో కూర్చోబోతున్నావని మీ అమ్మ పొద్దున ఫోన్ చేసింది. సంతోషంతో కళ్లల్లో నీళ్లొచ్చాయి. మధ్యాహ్నానికి టెన్షన్ మొదలైంది. "నేను బీఏ తెలుగుదాన్ని, కంప్యూటర్ మనిషిని కాదు" అన్నావట. ఆ మాట నా ముందు అనకు. నల్లగొండలో ఇరవై రెండేళ్లు కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఒక్కనాడూ దాన్ని విప్పి చూడలేదు, కొత్త మోడల్ ఏదొచ్చిందో పట్టించుకోలేదు. అయినా ప్రింటర్ ఆగితే అందరూ నా దగ్గరికే వచ్చేవాళ్లు. తెర మీద వచ్చిన మాటను చివరిదాకా చదివాకే బటన్ నొక్కేదాన్ని, అంతే.

సేవ్ చేస్తూ ఉండు, కరెంటు చెప్పి పోదు. పని చెడితే కంట్రోల్ జడ్ కొట్టు, చేసింది వెనక్కి పోతుంది. తెలుగు ఏ కంప్యూటర్‌లోనైనా కనబడే యూనికోడ్‌లోనే కొట్టు. అను ఫాంట్‌లో కొట్టింది ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే ఒక్క తెలుగు అక్షరం కనబడదు.

ఇక అసలు మాట. చేరిన కొత్తలో పంట అప్పుల కోసం రైతుల భూముల పట్టిక ఎక్సెల్‌లో చేశాను. ఎకరం ఇరవై గుంటలుంటే 1.20 అని కొట్టి, కింద కూడిక పెట్టాను. ఒక తాతకు రెండు చోట్ల ముప్పై గుంటల చొప్పున ఉంది. 0.30, 0.30 కలిపి 0.60 చూపింది. ఎకరం కూడా లేదని ఆయనకు అప్పు తగ్గించారు. తాత వచ్చి వేళ్ల మీద లెక్కపెట్టాడు. "నలభై గుంటలైతే ఎకరం గద బిడ్డా. అరవై అంటె ఎకరం ఇరవై. మిగిలిన భూమి యాడబోయింది?"

"కంప్యూటర్ తప్పు చెప్పదు తాతా" అన్నాను.

ఆయన ఇంకేమీ అడగలేదు. తువ్వాల భుజాన వేసుకుని ఎండలో బస్టాండుకు నడిచిపోయాడు.

రాత్రి అన్నం ముందు కూర్చున్నాక తట్టింది. ఎక్సెల్‌కు చుక్క తర్వాత ఉన్నవి నూటిలో భాగాలు. గుంట దానికి తెలియదు. నాకు తెలుసు కదా! సేద్యం ఇంట్లో పుట్టి, తెర చూసి మరిచాను. మర్నాడు ఎకరాలకొక గడి, గుంటలకొక గడి పెట్టి, అన్నీ గుంటలు చేసి కూడి, నలభైతో భాగించాను. సరిచేసిన కాగితం పైకి పోయి వచ్చేసరికి మూడు వారాలు. అప్పటికే తాత పత్తి విత్తనాలకు బయట వడ్డీకి తెచ్చుకున్నాడు. ఆ వడ్డీ నేను కట్టించినట్టే. ఇప్పటికీ నిద్ర పట్టని రాత్రి ఆ తువ్వాల కనబడుతుంది.

సర్వే నంబరు 5/2 అని కొడితే ఎక్సెల్ తారీకు చేస్తుంది. ఆ గడిని ముందే టెక్స్ట్‌గా మార్చుకో. భూముల రికార్డులకు 2020లో ధరణి పోర్టల్ వచ్చింది, 2025లో దాని బదులు భూ భారతి వచ్చింది. తెర మారినప్పుడల్లా భయపడకు, నిదానంగా చదువు.

నా భయమంతా వేలిముద్రల గురించి, ఓటీపీల గురించి. ముసలివాళ్లు నిన్ను నమ్మి ఫోనే చేతిలో పెడతారు. ఆ ఓటీపీ ఎందుకొచ్చిందో వాళ్లకు చదివి వినిపించి, ఆ తర్వాతే కొట్టు. నీ పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వకు, ఎంత దగ్గరివాళ్లయినా సరే. పైలం బిడ్డా.

ఆనాడు తాత కౌంటర్ అవతల నిలబడ్డాడు, ఆయనకు తెర కనబడలేదు. నీ కుర్చీ పక్కన ఒక స్టూలు వేసి, వచ్చినవాళ్లను కూర్చోబెట్టి చూపించు. ఆదివారం వస్తున్నాను. స్టూలు నేనే తెస్తా.

నీ పెద్దమ్మ