ఊహలన్నీ ఒకేచోట

ప్రశ్న: నేను కథలు రాస్తుంటాను. తట్టిన ఊహలు కొన్ని డైరీలో, కొన్ని వాట్సాప్‌లో నాకు నేనే పంపుకున్న సందేశాల్లో చెల్లాచెదురుగా ఉండిపోయాయి. నోట్సు రాసుకుని సర్దుకునే నోషన్ అనే యాప్ వాడమని మిత్రులు అంటున్నారు. ఎలా మొదలుపెట్టాలి? - ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: మీ మిత్రుల సలహా మంచిదేనండి. అయితే చాలామంది టెంప్లేట్లు (ముందే తయారైన పేజీ నమూనాలు) సర్దుకోవడంలోనే రోజులు గడిపేసి, రాయవలసిన కథను పక్కన పెట్టేస్తారు కాబట్టి, మీరు ఒకే ఒక్క డేటాబేస్‌తో ప్రారంభించండి. డేటాబేస్ అంటే విడి పేజీలన్నీ ఒకచోట చేరే జాబితా. దానికి 'ఊహలు' అని పేరు పెట్టి, బస్సులో చెవినపడ్డ ఒక్క మాటనైనా సరే, విడి పేజీగా అందులో వేయండి. తట్టిన క్షణంలోనే వర్గీకరణకు పూనుకోవద్దు. ఊహను రాబట్టే పని, దాన్ని సర్దే పని ఒకేసారి చేయబోతే రెండూ చెడతాయని నా గట్టి నమ్మకం.

వారానికొకసారి తీరిగ్గా కూర్చుని, ప్రతి పేజీకీ 'మొలక', 'రాస్తున్నది', 'పూర్తయినది' అని స్థితిని గుర్తించండి. అదే సమాచారాన్ని పట్టికగానూ, క్యాలెండర్‌గానూ, కార్డుల బోర్డుగానూ చూసుకునే వీలుంది కనుక, స్థితుల వారీగా వరుసలు పెట్టిన బోర్డులో కార్డును ఒక వరుస నుంచి మరో వరుసకు జరిపితే దాని స్థితి కూడా దానంతటదే మారుతుంది. అన్నిటికన్నా విలువైనది, ఒక పేజీలో మరో పేజీకి లంకె వేయగలగడం. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నిక్లాస్ లూమన్ దాదాపు 90,000 కాగితపు చీటీలను సంఖ్యలతో ఒకదానికొకటి ముడివేస్తూ దశాబ్దాలపాటు చేసిన పని ఇటువంటిదే.

డైరీని మానవలసిన అవసరం లేదు. ఆ పుటను ఫోటో తీసి పేజీలో చేర్చండి. నెలకొకసారి మాత్రం మొత్తాన్నీ ఎక్స్‌పోర్ట్ చేసి మీ కంప్యూటర్‌లో ఒక ప్రతి తప్పక దాచుకోండి.