శివరాత్రి నడకకు పోయే ముందు

నాయనా రవీ,

శివరాత్రికి నువ్వూ నీ కర్నూలు స్నేహితులూ ఆత్మకూరు నుంచి నల్లమలలో నడిచి శ్రీశైలం పోతున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషం. కాళ్ల బొబ్బలకు ఏం చేయాలో అందరూ చెప్తారు. అడవిలో వేసిన పొయ్యి, చలిమంట ఆర్పడం గురించి ఎవరూ చెప్పరు కాబట్టి నేను రాస్తున్నా.

నాగలూటి దాటినాక రాత్రి చలి వేస్తుంది. తెల్లారి గడ్డి మీద మంచు చూసి, ఇదెక్కడ అంటుకుంటుందిలే అనిపిస్తుంది. ఆ రోజులకి చెట్లు ఆకు రాల్చేసి, బోదగడ్డి నిలువునా ఎండి ఉంటుంది. పొద్దెక్కి తేమ ఆరి, గాలి లేచిందంటే మీరు వదిలేసిన పొయ్యి మళ్లీ రాజుకుంటుంది. అప్పటికి మీరు చాలా ముందుకెళ్లి భీముని కొలను మెట్ల మీద ఉంటారు.

అది పులుల అభయారణ్యం, ఇష్టమొచ్చిన చోట నిప్పు పెట్టడం నేరం. అన్నదానం పెట్టే చోట తిని, దుప్పటి కప్పుకుని పడుకోండి. చలిమంట లేకుంటే ట్రిప్పే కాదనేవాడు ప్రతి గుంపులో ఒకడుంటాడు. వాడి అగ్గిపెట్టె నీ దగ్గర పెట్టుకో.

ఫారెస్టు వాళ్లు ఒప్పుకున్న చోటైతే, ఆకూ గడ్డీ గీకి మట్టి తేలినాకే పొయ్యి పెట్టండి. చెట్టు మొదట్లో వద్దు. ఎండు వేరుకు నిప్పు పట్టిందంటే మట్టి లోపలే కాలుకుంటూ పోయి ఇంకో చోట పైకి లేస్తుంది.

ఆర్పేటప్పుడు మనవాళ్లు కాలితో రెండు తన్నులు తన్ని, దోసెడు మట్టి పోసి, మల్లన్నకు జై కొట్టి వెళ్లిపోతారు. మట్టి కప్పితే నిప్పు లోపలే దాక్కుంటుంది. బయలుదేరే గంట ముందే కట్టెలు వేయడం ఆపండి. నీళ్లు కొద్దికొద్దిగా చల్లి, కట్టెతో అడుగుదాకా కలిపి, మళ్లీ చల్లండి. మొద్దులు తిరగేసి కింది వైపు కూడా తడపండి. సుయ్‌మనే చప్పుడు ఆగాక అరచేతి వెనక వైపు బూడిదకు దగ్గరగా పెట్టి చూడు. వెచ్చగా తగిలితే ఇంకా ఆరలేదన్నట్టే. తాగే నీళ్లు అయిపోతాయని పీనాసితనం వద్దు, దారిలో పెద్దచెరువు ఉంటుంది.

చెట్ల కింద కర్పూరం వెలిగించేవాళ్లు, బీడీ విసిరేవాళ్లు కనిపిస్తే మొహమాటపడకుండా చెప్పు. తిట్టినా పర్లేదు.

ఎక్కడైనా పొగ లేస్తే దగ్గర్లోని ఫారెస్టు వాళ్లకు చెప్పండి, సిగ్నల్ ఉంటే 112కు కొట్టండి. మంట ఏటవాలుకు ఎదురెక్కి వేగంగా వస్తుంది, అందుకని గుట్ట పైకి పరుగెత్తొద్దు. మంటకు పక్కగా తప్పుకుని, గడ్డీ పొదలూ లేని రాళ్ల నేల మీదికి పోండి.

మీ పెద్దనాయన